నేనెవర్నో చెప్పు చూద్దాం



తలకు దెబ్బ తగిలి, గుంటూరులోనో విజయవాడలోనో నెలా నెలన్నర ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చిన మనిషిని చూడ్డానికి చుట్టాలు వస్తారు. చేతిలో బత్తాయిల సంచి, నోట్లో ఒకటే ప్రశ్న. "ఏరా అబ్బాయ్, నన్ను గుర్తుపట్టావా? నేనెవర్నో చెప్పు చూద్దాం." మంచం మీద మనిషి తెల్లమొహం వేస్తాడు. ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకోవాలని చూస్తాడు. "కాదురా, మీ రేపల్లె బాబాయిని!" అని వచ్చినాయన నొచ్చుకుంటాడు. సాయంత్రం ఇంకొకరు వస్తారు. మళ్లీ అదే పరీక్ష. పెట్టేది ప్రేమతోనే, కాదనను. కానీ జ్ఞాపకం దెబ్బతిన్న మనిషికి ఇంతకంటే చెరుపు చేసే పలకరింపు లేదు. ఎందుకంటున్నానో, దాని బదులు ఏం చేయాలో చెప్పడానికే ఇవాళ్టి ప్రసంగం.

తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె దాకా, అటు బాపట్ల దాకా మన రోడ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క బోదె, మధ్యలో సన్నటి దారి. వరికోతల రోజుల్లో అందులో సగం మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. బళ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రయ్యాక వడ్లు ఎత్తేసినా రాళ్లు అక్కడే ఉంటాయి. వెనకాల లైటు లేని ట్రాక్టరు, కూలీలతో కిక్కిరిసిన ఆటో, హెల్మెట్టు పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని వెళ్లే కుర్రాడు. రోడ్డు ఒక్కటే కాదు, తాటిచెట్టు మీద నుంచి జారిపడిన గీత కార్మికుడూ, గడ్డివామి మీద నుంచి పడిన పాలేరూ ఈ జాబితాలోవాళ్లే. 2022లో దేశం మొత్తం మీద 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగితే 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వం లెక్క చెప్పింది. చనిపోయినవాళ్లలో నూటికి 44 మందికి పైగా మోటారు సైకిళ్లు, స్కూటర్ల మీద వెళ్లినవాళ్లు. అయితే, బతికి ఇంటికొచ్చి, పొద్దున తిన్న టిఫినేమిటో మధ్యాహ్నానికి చెప్పలేకపోయే మనిషి ఈ లెక్కలో ఎక్కడా కనిపించడు.

అతని డిశ్చార్జి కాగితం చూడండి. జీసీఎస్ 15 అని రాసి ఉంటుంది. గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు 1974లో పెట్టిన కొలత అది. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కాళ్లూ చేతులూ కదపడానికి 6, మొత్తం 15. పేరు, ఊరు, నెల సరిగ్గా చెబితే మాటకు పూర్తి మార్కులు పడతాయి. మనిషి స్పృహలో ఉన్నాడా లేడా అన్నది తేల్చడానికి ఇది సులువైన పద్ధతి. కానీ ఇవాళ జరిగింది రేపటికి గుర్తుంటుందా అన్నది ఆ కొలత అడగదు. ఇంట్లోవాళ్లేమో పదిహేనుకు పదిహేను వచ్చాయి, తల స్కానింగు కూడా బాగానే ఉందన్నారు, ఇక మనవాడు మామూలు మనిషే అనుకుంటారు. అక్కడి నుంచి మొదలవుతాయి చిక్కులు.

బండి మీద పోతున్న మనిషి ఒక్కసారిగా ఆగిపోతే పుర్రె ఆగుతుంది, లోపల మెదడు ఆగదు. ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. నుదుటి వెనకా, కణతల లోపలా పుర్రె అడుగు నున్నగా ఉండదు, ఎముక గట్లు గట్లుగా ఉంటుంది. అందుకని ఆ రెండు చోట్లా మెదడు బాగా నలుగుతుంది. మన ఖర్మకొద్దీ కొత్త సంగతులను నిలవ చేసే హిప్పోక్యాంపస్ ఉండేది కణతల లోపలి భాగంలోనే. దేని మీద మనసు పెట్టాలి, తరవాత ఏం చేయాలి అన్నవి చూసుకునేది నుదుటి వెనక భాగం. వీటిని కలిపే సన్నటి నరపు పోగులు సాగి తెగితే మామూలు స్కానింగులో అది కనపడకనే పోవచ్చు.

వెనకటికి షావుకార్ల కొట్లలో రెండు రకాల పుస్తకాలు ఉండేవి. రోజువారీ జమాఖర్చు చిట్టాలో రాసేవాళ్లు, తరవాత దాన్ని పేరుపేరునా ఆవర్జాలోకి ఎక్కించేవాళ్లు. తలకు దెబ్బ తగిలినవాళ్లలో చాలామందికి పాత ఆవర్జాలు భద్రంగానే ఉంటాయి. ఆగిపోయింది ఎక్కించే పని. అందుకే బడిలో తనను కొట్టిన మాస్టారి పేరూ, పెళ్లిలో భోజనాల దగ్గర జరిగిన గొడవా పూసగుచ్చినట్టు చెబుతాడు. గంట క్రితం వచ్చి వెళ్లిన మేనత్తను మాత్రం ఎరగనంటాడు. "చిన్నప్పటివన్నీ చెబుతున్నాడు, ఇవాళ్టివి చెప్పడేం? నటిస్తున్నాడు" అని ఇంట్లో గుసగుసలు మొదలవుతాయి. ఇది నటన కాదు. జబ్బు తీరే అంత. ప్రమాదం జరిగిన రోజు సంగతి కూడా ఇంతే. ఆ పూట, దానికి ముందు కొన్ని గంటలు, ఒక్కోసారి కొన్ని రోజులు అతనిలో నిలవే కాలేదు. పోలీసులడిగినా, ఇన్సూరెన్సువాళ్లడిగినా, మనం బతిమాలినా అది రాదు. కొందరు ఆ ఖాళీని ఏదో ఒకటి చెప్పి పూరిస్తారు. నిన్న బాపట్ల వెళ్లొచ్చానంటాడు, మంచం దిగి ఉండడు. అబద్ధమాడుతున్నాడని తిట్టకండి. అతనికి అది నిజంగానే జరిగినట్టు తోస్తోంది.

మన వైపు ఇంకో అలవాటు ఉంది. గుర్తుంచుకోవడమే తెలివి అనుకుంటాం. ఎక్కాలు, శతక పద్యాలు అప్పజెప్పించుకుని పెంచినవాళ్లం. అష్టావధానంలో గంటలు లెక్కపెడుతూ, అప్రస్తుత ప్రసంగి అల్లరికి నవ్వుతూ బదులిస్తూ, చివర్లో పద్యాలన్నీ ధారణ చేసే అవధానికి చేతులెత్తి మొక్కుతాం. మొక్కాల్సిందే. కాకపోతే ఆ గౌరవం చాటున, మర్చిపోయేవాణ్ణి చవటగా చూసే బుద్ధి కూడా పెరిగింది. తలగాయం మనిషి మంచం చుట్టూ నలుగురం చేరి, టీవీ మోగుతుండగా, ఒకరి తరవాత ఒకరం ప్రశ్నలు వేస్తాం. తెలియకుండానే అందరం అప్రస్తుత ప్రసంగులం అయిపోతాం. ముందు టీవీ కట్టేయండి. ఒక్కరే మాట్లాడండి. ఒక్క సంగతే చెప్పండి. మనసు నిలవనిదే జ్ఞాపకం నిలవదు.

ఈ మనసు నిలిపే సాధనకు బెంగళూరు నిమ్హాన్స్‌లో శోభినీ రావు వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు వాడిన పనుల్లో ఒకటి వింటే మీకు నవ్వొస్తుంది. ధాన్యాలు కలిపి ఇచ్చి వేరు చేయమనడం. మన ఇళ్లలో అయితే పళ్లెంలో కందులూ, పెసలూ, మినుములూ కలిపి పెట్టండి, వేటికవి ఏరి పోయమనండి. మొదట పది నిమిషాలు చాలు. కంప్యూటరు అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు. రోజూ కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. అలిసిపోయాడనిపిస్తే ఆపేయాలి. తలగాయం తరవాత అలసట మనం ఊహించనంత త్వరగా వస్తుంది.

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం, ఆ పరీక్ష ఎందుకు చెరుపు? ఇంగ్లండ్‌లో అలన్ బాడ్లీ, బార్బరా విల్సన్ అనే ఇద్దరు 1994లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. జ్ఞాపకం బాగా దెబ్బతిన్నవాళ్లకు ఊహించి చెప్పమని నేర్పితే తక్కువ వచ్చింది. తప్పు చెప్పే అవకాశమే ఇవ్వకుండా, సరైనది ముందే చెప్పి నేర్పితే ఎక్కువ వచ్చింది. కారణం ఆలోచిస్తే సబబుగానే ఉంటుంది. మనం తప్పు చెబితే, తప్పు చెప్పామన్న సంగతి గుర్తుంటుంది, కనక దిద్దుకుంటాం. అతనికి ఆ దిద్దిన సంగతి గుర్తుండదు. నోటినుంచి వచ్చిన తప్పు మాత్రం అలవాటుగా మిగులుతుంది. బాబాయిని మావయ్యా అని నాలుగుసార్లు పిలిస్తే అయిదోసారి అదే వస్తుంది.

కాబట్టి గుమ్మంలోకి రాగానే మీరే చెప్పండి. "నేను రేపల్లె బాబాయిని రా, మీ నాన్న తమ్ముణ్ణి." అంతే. మాటల మధ్యలో ఇంకోసారి, "బాబాయిని వచ్చాను కదా, కాసిన్ని మంచినీళ్లు ఇప్పించు." నేర్పదలచుకుంటే దానికీ ఒక పద్ధతి ఉంది. ఒక సంగతి చెప్పి, నిమిషం ఆగి అడగాలి. చెప్పగలిగితే రెండు నిమిషాల తరవాత, ఆ పైన నాలుగు, ఆ పైన ఎనిమిది. మధ్యలో వేరే కబుర్లు చెప్పుకోవచ్చు. తడబడితే వెంటనే మనమే సరైనది అందించి, విరామాన్ని మళ్లీ తగ్గించాలి. అయితే ఏం నేర్పుతున్నామన్నది కూడా చూసుకోవాలి. ముఖ్యమంత్రుల పేర్లు, పన్నెండో ఎక్కం నేర్పి ఏం లాభం? మందుల డబ్బా ఏ అల్మరాలో ఉంది, స్నానాల గది తలుపేది, దారి తప్పితే ఎవరికి ఫోను చేయాలి, ఈ మూడూ వస్తే ఇంట్లో సగం గొడవలు సర్దుకుంటాయి.

తెనాలి నిమ్మకాయల యార్డులో ఒక గుమస్తా ఉన్నాడనుకుందాం. నలభై ఏళ్ల మనిషి. తలగాయమైంది. చేతులకు పని తెలుసు. బస్తా కాటా మీదికి ఎక్కిస్తే తూకం చూస్తాడు, కాయ పట్టుకుని పండా పచ్చా చెబుతాడు. చేతి అలవాట్లు వేరే చోట ఉంటాయి కనక అవి చాలావరకు నిలుస్తాయి. కానీ ఏ రైతు సరుకు తూశాడో, ఎవరికి డబ్బిచ్చాడో పది నిమిషాలకు తెలియదు. ఇలాంటి మనిషికి పెట్టుకోవాల్సింది పుస్తకం, అదీ ఒక్కటే పుస్తకం. జేబులో పట్టేది, పెన్ను దారంతో దానికే కట్టి ఉండాలి. ఒక్కో రోజుకు ఒక్కో పేజీ. పైన తేదీ, వారం. కింద ఒకవైపు చేయాల్సినవి, ఇంకోవైపు చేసినవి. పని కాగానే, అప్పుడే, అక్కడే టిక్కు పెట్టాలి. తరవాత రాద్దామనుకుంటే ఆ "తరవాత" అతనికి రాదు. గోడ మీద పాల లెక్క రాసుకునే క్యాలెండరు, బల్ల మీద చీటీ, చేతి మీద పెన్నుతో రాత, ఇలా నాలుగు చోట్ల రాయిస్తే ఏది చూడాలో తెలియక ఉన్న మతీ పోతుంది.

పుస్తకం కొనివ్వడం తేలిక. అది చూడాలని గుర్తుండటమే కష్టం. వారం చూసి, "వాడు పుస్తకాన్నే మర్చిపోతుంటే ఇంకేం పుస్తకం" అని అటక మీద పడేసే ఇళ్లే ఎక్కువ. పుస్తకం చూడటాన్ని ఎప్పటినుంచో ఉన్న అలవాటుకు ముడిపెట్టాలి. పొద్దున కాఫీ గ్లాసు అందుకోగానే, రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలవగానే, అన్నానికి కూర్చునే ముందు, పక్క వేసే ముందు. మొదట్లో భార్య పుస్తకం చేతికిచ్చి పేజీ తెరుస్తుంది. కొన్నాళ్లకు "కాఫీ అయింది" అని మాత్రం అంటుంది. ఇంకొన్నాళ్లకు ఊరుకుని చూస్తుంది. వారాలు పడుతుంది, నెలలూ పట్టొచ్చు. చదువు రాని మనిషికి బొమ్మలు గీయండి, లేదా ఫోనులో మాట రికార్డు చేసి పెట్టండి.

ఫోను మాట వచ్చింది కనక చెబుతాను. కొడుకు తలకు దెబ్బ తగిలిన ఒక తండ్రి, వృత్తికి ఇంజనీరు, అమెరికాలో మరొకాయనతో కలిసి జేబులో పెట్టుకునే పేజరుకు వేళకు కబురు వచ్చే ఏర్పాటు చేశాడు. "మందు వేసుకో", "అన్నం డబ్బా తీసుకో" అని మోగుతుంది. బార్బరా విల్సన్ బృందం దాన్ని 143 మంది మీద పరీక్షించి 2001లో ఫలితం చెప్పింది. నూటికి 80 మందికి పైగా పేజరు ఉన్న వారాల్లో రోజు పనులు మెరుగ్గా చేసుకున్నారు. ఇప్పుడు పేజరు ఎవరికి కావాలి? మన జేబులో ఫోనే ఆ పని చేస్తుంది. అలారానికి పాట పెట్టకండి. ఎందుకు మోగిందో తెలియక కట్టేస్తాడు. "ఏవండీ, మధ్యాహ్నం మాత్ర వేసుకోండి, టేబులు మీద నీలం డబ్బా" అని భార్య గొంతే మోగాలి.

రేపల్లె వైపు రొయ్యల చెరువు మీద పనిచేసే మనిషికి పుస్తకం కంటే మంచి ఉపాయం ఉంది. రోజులో ఇన్నిసార్లు మేత చల్లాలి. చల్లిన సంగతి మర్చిపోయి రెండోసారి చల్లితే ఎక్కువైన మేత అడుగున కుళ్లి నీళ్లు పాడవుతాయి, యజమానికి నష్టం, పనివాడికి తిట్లు. అందుకని తెల్లవారగానే ఇంట్లోవాళ్లు ఆ రోజు మేతను ఎన్ని పూటలో అన్ని సంచుల్లో విడివిడిగా కట్టి, వరసగా మేకులకు తగిలించాలి. సంచి ఖాళీగా ఉంటే ఆ పూట అయినట్టే. మనిషికి గుర్తు లేకపోయినా సంచి చెబుతుంది. మాత్రలకు వారం రోజుల గళ్లున్న డబ్బా కూడా ఇదే కిటుకు. ఒక్క జాగ్రత్త: తలగాయం తరవాత మూర్ఛలు వచ్చే మనిషిని చెరువు గట్టు మీద, ఏరియేటర్ల కరెంటు దగ్గర, చెట్టు మీద ఒంటరిగా ఉంచకూడదు. మూర్ఛ మందులు కొందరికి మందకొడితనం తెస్తాయి, నిజమే. అలా అనిపిస్తే డాక్టరుతో చెప్పి మార్పించుకోవాలి గానీ సొంతంగా ఆపకూడదు.

బాపట్ల కాలేజీల్లో చదివే కుర్రాడికి అయితే ఒక్క మాట. ఏడాది పోతే పోయింది, మళ్లీ ఒకేసారి ఆరు సబ్జెక్టులకు కూర్చోబెట్టకండి.

ఇంత చెప్పాను కదా, దీనితో జ్ఞాపకం తిరిగి వస్తుందా అని అడుగుతారు. మొదటి ఆరు నెలల్లో మెదడు తనంతట తాను కోలుకునే వేగం ఎక్కువ, తరవాత కూడా రెండేళ్ల దాకా, ఆ పైనా కొద్దికొద్దిగా మెరుగవుతుంది. కానీ జ్ఞాపకశక్తి అనే దాన్ని కండలా పెంచే వ్యాయామం గానీ, తిరిగి తెచ్చే మాత్ర గానీ, లేహ్యం గానీ ఉందని రుజువు కాలేదు. ఇంగ్లండ్‌లో రోషన్ దాస్ నాయర్ బృందం తలగాయమైన 328 మందితో పెద్ద పరీక్ష జరిపి 2019లో ఫలితం ప్రకటించింది. కొందరికి గుంపులుగా పది వారాలు జ్ఞాపక శిక్షణ ఇచ్చారు, కొందరికి మామూలు వైద్యమే. ఆరు నెలల తరవాత రోజువారీ మతిమరుపులో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే తాము చేయాలనుకున్న పనులకు చేరువ కావడంలో శిక్షణ పొందినవాళ్లు ముందున్నారు. నాకు ఈ ఫలితం నిరాశగా అనిపించలేదు. వారానికోసారి తరగతికి పంపితే మతిమరుపు పోతుందని ఎవరైనా డబ్బు అడిగితే జాగ్రత్తపడమంటోంది. కాటా దగ్గరికి మళ్లీ వెళ్లాలి, మందులు తనే వేసుకోవాలి, ఇలా ఒక్క పని ఎంచుకుని దానికోసమే పాటుపడమంటోంది. ఆ పనిని ఎంచుకోవాల్సింది అతనే, మనం కాదు.

ఇంటి ఆడవాళ్ల గురించి చెప్పకపోతే తప్పవుతుంది. "మనిషి దక్కాడు, అంతే చాలమ్మా" అని అందరూ అంటారు. అదే ప్రశ్నకు రోజుకు ఇరవైసార్లు జవాబు చెప్పేది ఆవిడ. ఊరికే విసుక్కునే, ఉన్నట్టుండి ఏడ్చే, "నాకేం, బాగానే ఉన్నాను" అని బండి తాళాలు అడిగే మనిషిని కనిపెట్టుకుని ఉండేదీ ఆవిడే. వారంలో ఒక పూట ఆవిడను పంపించి తోడికోడలో, ఆడపడుచో మంచం దగ్గర కూర్చుంటే అది బత్తాయిల సంచి కంటే పెద్ద సాయం. మనసు బరువెక్కితే మాట్లాడ్డానికి టెలి మానస్ అని 2022లో ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోను ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు.

కాగితాల సంగతి కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది. అందులో తలగాయం అని విడిగా పేరు లేదు. కాలు విరిగితే కనపడుతుంది, మతిమరుపు కనపడదు. సర్టిఫికెట్టు దగ్గరా, ప్రమాద పరిహారం కేసు నడిచే ట్రిబ్యునల్ దగ్గరా ఈ మనిషి ఏం కోల్పోయాడో నోటిమాటగా చెబితే నిలవదు. న్యూరాలజీ డాక్టరుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు దగ్గర జ్ఞాపక పరీక్ష చేయించి, రాతపూర్వకంగా తీసుకోవాలి. హైదరాబాదు నిమ్స్‌లో ఇలాంటి పరీక్షలను తెలుగువాళ్లకు సరిపడేలా తెలుగులో తయారుచేసి వాడారు కనక, ఇంగ్లీషు రాదు, బడికి పోలేదు అని వెనకాడక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు స్కానింగు ఫిల్ములతో పాటు ఆ జేబు పుస్తకాన్ని కూడా తీసుకెళ్లండి. "ఎలా ఉంది?" అని డాక్టరు అడిగితే అతను "బాగుంది" అనే అంటాడు. పుస్తకంలో గడిచిన పదిహేను రోజుల పేజీలు తెరిచి చూపించండి. ఎన్ని పనులకు టిక్కు పడింది, ఏవి ఖాళీగా ఉన్నాయి, ఏ వేళకు ఎక్కువ మరుస్తున్నాడు అన్నది అక్కడ ఉంటుంది. ముసలివాళ్లకు తలకు చిన్న దెబ్బే తగిలినా, కొన్ని వారాల తరవాత తలనొప్పి, మతిమరుపు, నడకలో తూలు ఎక్కువైతే మాత్రం ఈ పుస్తకాలూ సాధనలూ పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెదడు మీద రక్తం నెమ్మదిగా చేరుతూ ఉండొచ్చు, దాన్ని తీసేస్తే మనిషి చాలావరకు కోలుకుంటాడు.